లిండిస్‌ఫార్న్ చర్చి వయసు ఎందుకు కుదరడం లేదంటే

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ దీవిలో మీరు ఫోటోలు తీసిన చర్చి ఎప్పటిదో తేలడం లేదని అడిగారు కదా. మీరు రెండు కట్టడాలను ఒకటిగా లెక్కేశారు, అందుకే ఒకచోట 635, ఇంకోచోట 12వ శతాబ్దం అని కనిపిస్తోంది. 635 ఐడన్ అనే క్రైస్తవ సన్యాసి ఆ దీవిలో మఠం పెట్టిన ఏడాది, ఇప్పుడున్న రాతిగోడలది కాదు. పైకప్పు లేని శిథిలం 12వ శతాబ్దపు ప్రయరీ (ఒక రకం మఠం). దాని పక్కనే, నేటికీ ప్రార్థనలు జరిగే సెయింట్ మేరీస్ పారిష్ చర్చి (ఊరి చర్చి) వేరు, అందులో కొంత భాగం ప్రయరీ కంటే పాతది.

మీ ఫోటోలు ఇలా చూడండి:

1. సెయింట్ మేరీస్ లోపల ఆల్టర్ (పూజావేదిక) వైపు తీసిన ఫోటో తెరవండి.
2. అందరూ వదిలేసేది ఇదే: ఎదురుగా ఉన్న ఆర్చి దగ్గర ఆగకుండా దాని పైగోడను జూమ్ చేయండి. పాత ఆర్చి జాడ, దానికీ పైన చిన్న తలుపు కనిపిస్తాయి. ప్రయరీ కంటే పాతదైన ఆంగ్లో-సాక్సన్ (1066కు ముందటి ఇంగ్లండ్) పని అదే, ఎంత అపురూపమో!
3. ఉత్తరం వైపు గుండ్రటి ఆర్చిలు 12వ శతాబ్దానివి, దక్షిణం వైపు మొనదేలినవి 13వ శతాబ్దానివి.