చెత్త బండికి ఇంటికి ఎంత వేసుకోవాలి?

ప్రశ్న: ఆనందపురం దగ్గర లేఅవుట్‌లో ఉంటున్నాం. 64 ఇళ్లు. కార్పొరేషన్ బండి మా దాకా రాదు. చెత్తంతా గెడ్డ గట్టున పడుతోంది. ఇంటికి 4,000 పోగుచేసి ఎలక్ట్రిక్ ఆటో కొందామని కొందరంటున్నారు. చెత్త పన్ను ప్రభుత్వమే తీసేశాక మళ్లీ డబ్బులేంటని ఇంకొందరు. సంఘం కోశాధికారిగా నేనేం చెప్పాలి? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: కోశాధికారి గారూ, ముందు రెండో మాట చూద్దాం. విశాఖలో 2021 చివరి నుంచి ఇంటికి నెలకు 120 రూపాయల దాకా చెత్త పన్ను వసూలు చేశారు. 2024 అక్టోబర్ 2న దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రద్దయింది వసూలే. డీజిల్, జీతాలు, కాపులుప్పాడ డంపింగ్ యార్డు దాకా మోత, అవన్నీ అలాగే ఉన్నాయి, కార్పొరేషన్ భరిస్తోంది. మీ లేఅవుట్‌కి అలా భరించేవాళ్లు లేరు. కాబట్టి డబ్బు వేసుకోక తప్పదు.

ఆటో మాత్రం వద్దండి. 2,56,000 ఒక్కసారే పెట్టేస్తే డ్రైవర్, ఇన్సూరెన్స్, బ్యాటరీ ఖర్చులకు మళ్లీ చేయి చాచాలి. 64 ఇళ్లకు తొక్కుడు రిక్షా ఒకటి, మనుషులు ఇద్దరు చాలు. పూటపనికి నెలకు ఒక్కొక్కరికి 6,500 అనుకుందాం, 13,000. గ్లోవ్స్, చీపుళ్లు, రిక్షా రిపేరుకి 1,300. పొడి చెత్త వారానికోసారి తరలించడానికి 2,500. నెలకు మొత్తం 16,800.

దీన్ని 64తో భాగిస్తే ఇంటికి 262.50 వస్తుంది. సంఘాలన్నీ దెబ్బతినేది ఇక్కడే. తాళం వేసి హైదరాబాద్‌లో ఉండేవాళ్లు, ‘వచ్చే నెల చూద్దాం’ అనేవాళ్లు కలిపి ఎనిమిది ఇళ్లు ఇవ్వవనుకోండి. 56తో భాగించండి: సరిగ్గా 300. అదే పెట్టండి. అందరూ కడితే మిగిలేది మీ నిల్వ. నెలనెలా ఇంటింటికీ తిరగొద్దు, మూడు నెలలకు 900 ముందే తీసుకోండి. సంఘం రిజిస్టర్ అయి ఉంటే దాని పేరు మీదే ఖాతా, ఇద్దరి సంతకాలు. మూడు నెలల ఖర్చు, అంటే 50,000 దాకా, పోగయ్యేవరకు నిల్వ ముట్టుకోకండి. చీటీల్లో అసలు వేయకండి.

అట్టలు, సీసాలు అమ్మితే వచ్చే డబ్బును ఆదాయంలో రాయొద్దు. అది ఏరిన వాళ్లదే. తడి చెత్త విడిగా ఇస్తేనే వాళ్లకు ఆ నాలుగు రూపాయలూ దక్కుతాయి, తడిసిన అట్ట ఎవరూ కొనరు. పంచాయతీలో ‘చెత్త నుంచి సంపద’ షెడ్డు (తడి చెత్తను ఎరువు చేసే చోటు) ఉంటే తడి చెత్త అక్కడ దించేందుకు పంచాయతీ కార్యదర్శి దగ్గర కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మీద రిక్షా కొనకండి.

ఇంకొక ఖర్చు పై జాబితాలో లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి చెత్త తీసే అమ్మ చేతికి, డైపర్లో చుట్టి పడేసిన పగిలిన బల్బు దిగబడింది. అరచేయి అడ్డంగా చీలింది. కట్టుకీ ఇంజెక్షన్‌కీ సంఘం పద్దులో ఒక్క రూపాయి లేదు. మెట్ల దగ్గర నిలబడి జేబులు తడుముకున్నాం. ఆమె కొంగు చుట్టుకుని, ‘పర్లేదు బాబూ, రేపొస్తాను’ అంది. ఆ రోజు సిగ్గుపడ్డాను. ఇంతమంది డబ్బు లెక్కలు చూసే నేను, మా గుమ్మం ముందు మనిషి లెక్క వేయలేదు.

అందుకే చెబుతున్నాను. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే 2 లక్షలు. వయసు 50 లోపు ఉంటే జీవన్ జ్యోతి జీవిత బీమా, ఏడాదికి 436. ఇద్దరికీ కలిపి 912. పైగా చేతి గాయాలకు, జ్వరాలకు ఈ బీమాలు పనికిరావు కాబట్టి 3,000 విడిగా ఉంచండి. మొదటి విడత 900 చేతికి రాగానే, రిక్షా కొనడానికి ముందే, ఇద్దరినీ బ్యాంకుకి తీసుకెళ్లి ఆ ఫారాలు నింపించండి.