భూకంపంలో భవనం కూలి చనిపోతే కరోనర్ విచారణ దేనికి?

కరోనర్ అంటే ఆకస్మిక, అసహజ మరణాల మీద విచారణ జరిపే అధికారి. చావుకు కారణం భూకంపమేనని తెలిశాక ఇంకా విచారించేది ఏముంటుంది అనిపించడం సహజం. న్యూజిలాండ్‌లో జరిగింది చూస్తే సంగతి అర్థమవుతుంది.

2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో 185 మంది చనిపోయారు. అందులో 115 మంది ఒక్క సీటీవీ (కాంటర్‌బరీ టెలివిజన్) భవనంలోనే. చుట్టుపక్కల ఎన్నో కట్టడాలు బీటలు వారినా నిలబడ్డాయి. ఈ ఆరంతస్తుల భవనం మాత్రం క్షణాల్లో కుప్పకూలింది, ఆపైన మంటలు కూడా లేచాయి. డిజైన్ లోపాల లెక్క ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్ తేల్చింది. 1986లో ఆ భవనానికి అసలు అనుమతి ఇచ్చి ఉండాల్సింది కాదని 2012లో చెప్పింది.

మరి కరోనర్ పట్టుకున్నది ఏమిటి? కూలిన తర్వాత కూడా శిథిలాల కింద కొందరు బతికే ఉన్నారు, ఫోన్‌లో మాట్లాడారు కూడా. అలా బతికి ఉండి బయటపడలేకపోయిన వాళ్ల మీదే ఆ విచారణ ఎక్కువగా సాగింది. సహాయక చర్యలను ముందుండి నడిపించే నాయకత్వం అక్కడ కొరవడిందని 2014లో ఫైర్ సర్వీస్‌ను తప్పుబట్టింది. నా దృష్టిలో అసలు విలువ ఇక్కడే ఉంది: బతికున్నవాళ్లను ఎందుకు బయటకు తేలేకపోయారన్న ప్రశ్న ఇంజినీర్లు అడిగేది కాదు.

అయితే కరోనర్ ఎవరినీ దోషిగా తేల్చరు, శిక్ష వేయరు. మరణానికి కారణం, పరిస్థితులు చెప్పి సిఫార్సులు చేయడం వరకే ఆయన పని. కేసు పెట్టడం పోలీసుల చేతిలో ఉంటుంది. సీటీవీ విషయంలో కేసు పెట్టబోమని వాళ్లు 2017లో ప్రకటించారు.