ఎం.ఏ. ఇంగ్లీషులో చేరబోతున్న మా అమ్మాయికి

బంగారూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఎం.ఏ. ఇంగ్లీషు చేస్తానంటున్నావట. "డిగ్రీ దాకా తెలుగు మీడియమే కదక్కా, నెట్టుకురాగలదంటావా?" అని అడిగింది. నేనూ తెలుగు మీడియం నుంచే వచ్చానని గుర్తుచేశాను. ముప్పై ఏళ్లు ఆ పాఠాలే చెప్పి రిటైరైనదాన్ని కనుక, నాకు తెలిసింది రాస్తున్నాను.

ఇది స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు కాదమ్మా. ధారాళంగా మాట్లాడటమే కావాలంటే దానికి రెండేళ్లు అక్కర్లేదు. ఇక్కడ పనంతా చదవడమే. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ నుంచి నిన్నమొన్నటి భారతీయ నవలల దాకా చదవాలి. నెలకు నాలుగు పుస్తకాలు పూర్తిచేసే ఓపిక, ఇష్టం ఉన్నాయా? ఫీజు కట్టేముందే నిన్ను నువ్వు అడుగు.

ప్రవేశ పరీక్షలన్నీ రాయి. ఉస్మానియా, కాకతీయ లాంటి మన యూనివర్సిటీలకు సీపీగెట్ (రాష్ట్ర ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ (కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష). ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి. ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకు.

ఇక అసలు సంగతి. నేను ఎం.ఏ. చదివేటప్పుడు గైడ్లు బట్టీపట్టాను. మా హాస్టల్లో అందరిదీ అదే పద్ధతి. మార్కులు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, "మీకు నచ్చిన పద్యం ఒకటి చెప్పండి, ఎందుకు నచ్చిందో కూడా చెప్పండి" అన్నారు. రెండేళ్లలో పద్యాల మీద రాసినవి చదివానే తప్ప ఒక్క పద్యాన్నీ నా అంతట నేను చదవలేదని ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఆ ఉద్యోగం రాలేదు. దానికంటే ఆ రెండేళ్లు పోయాయన్న బాధే నన్ను చాలాకాలం వెంటాడింది. నీకు అలా జరగకూడదనే ఈ ఉత్తరం.

నీ దగ్గర ఒక అలవాటు ఉంది, దాని విలువ నీకు తెలియదు. పదో తరగతిలో పద్యాలకు ప్రతిపదార్థం రాశావు కదా? పదం పదం విడదీసి, ఏది దేనితో అన్వయిస్తుందో చూశావు. ఇంగ్లీషు కవిత దగ్గరా అదే చెయ్యి. కాకపోతే భావం రాసి ఆగిపోకు. ఈ మాటే ఎందుకు వేశాడు, ఇక్కడే ఎందుకు వేశాడు అని అడుగు.

1800లో అచ్చయిన వర్డ్స్‌వర్త్ కవిత ఒకటుంది. ఎనిమిదే పంక్తులు, ఆయన దానికి పేరు కూడా పెట్టలేదు. 'ఎ స్లంబర్ డిడ్ మై స్పిరిట్ సీల్' అని మొదలవుతుంది. మొదటి నాలుగు పంక్తులు భూతకాలంలో నడుస్తాయి. ఒక అమ్మాయి గురించి చెబుతూ, ఆమె ఏళ్లు గడిచే కొద్దీ వచ్చే మార్పేదీ తాకలేని ఒక 'థింగ్'లా అనిపించింది అంటాడు. తర్వాతి నాలుగు వర్తమానానికి వచ్చేస్తాయి. ఆమెలో కదలిక లేదు, చూపు లేదు, వినికిడి లేదు. రాళ్లతో, చెట్లతో పాటు భూమి తిరుగుతుంటే ఆమే తిరుగుతోంది. చనిపోయిందన్న మాట ఎక్కడా లేదు. రెండు చరణాల మధ్య ఉన్న ఖాళీలోనే ఆ చావు జరిగిపోయింది! ముందు మురిపెంగా అన్న 'థింగ్' ఇప్పుడు నిజంగానే ఒక వస్తువైపోయింది. అన్నీ చిన్న చిన్న మాటలే. 'డైయర్నల్' అనే లాటిన్ మాట ఒక్కటే బరువుగా మధ్యలో పడుతుంది. దానికి అర్థం కోసం నిఘంటువు చూడు, మిగతాదానికి నీకొచ్చిన ఇంగ్లీషు చాలు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా, ఆ చివరి పంక్తి చదివేటప్పుడు నా గొంతు పట్టేసేది.

అందుకే ముందు మూలం చదువు, అదీ పైకి చదువు. షేక్‌స్పియర్ కళ్లకు లొంగకపోయినా చెవికి లొంగుతాడు. గైడ్ చూడొద్దనను, నువ్వు ఒక పేజీ సొంతంగా రాసుకున్నాక చూడు. సాహిత్య సిద్ధాంతాల మీద ఉండే థియరీ పేపర్ అంటే పిల్లలకు టెన్షన్. పరిచయ పుస్తకం ఒకటి చదివాక మూలంలో రోజూ అయిదు పేజీలు చదువు, చాలు.

క్లాసులో కాన్వెంట్ పిల్లలు నీ ఉచ్చారణకు నవ్వొచ్చు. నాకూ నవ్వారు, గదికెళ్లి ఏడ్చాను. నువ్వు మాత్రం నోరు మూసుకోకు, అడగాల్సిన ప్రశ్న అడుగు.

ఉద్యోగం గురించి మీ నాన్న బెంగ న్యాయమైనదే. డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చెప్పాలంటే నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ, పీహెచ్‌డీ గానీ ఉండాలి. నెట్‌కు జనరల్ వాళ్లకు పీజీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగుల్లాంటి వాళ్లకు 50 శాతం కావాలి, కాబట్టి మొదటి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోకు. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కింగ్ లేదు. బడిలో చెప్పాలనుకుంటే బి.ఎడ్. కూడా చెయ్యాల్సిందే. ఇవన్నీ మీ నాన్నకు దాచకుండా చెప్పు.

పుస్తకాలకు కొత్తవి కొని డబ్బు తగలెయ్యకు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మనిద్దరం వెతుకుదాం, పొద్దున్నే రా. నా పాత మిల్టన్ అటక మీద ఉంది, మార్జిన్లో నా పెన్సిల్ రాతలతో సహా నీదే.

ఈలోగా ఆ ఎనిమిది పంక్తులు పదిసార్లు పైకి చదివి, నీకు తోచింది ఒక పేజీ ఇంగ్లీషులో రాసి పంపు. తప్పులు ఎవరిచేతా దిద్దించకు, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ