పడవకు చక్రం బిగించే ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి సికింద్రాబాదు నుంచి మామయ్య ఆశీస్సులు. అక్కకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

నువ్వు పంపిన ఫొటోలు, రాసిన వివరాలు రెండుసార్లు శ్రద్ధగా చూశాను. 24 అడుగుల ఫైబరు బోటుకు పాత 25 హార్స్‌పవర్ మోటారు తీసేసి 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు, అంటే బోటు వెనుక బయట వేలాడే మోటారు, వేశావని, అప్పటి నుంచి మోటారు పిడి పట్టుకొని నడపడం భుజానికి భారంగా ఉందని, అందుకే స్టీరింగు చక్రం పెట్టించి అది కూడా నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగే పెట్టించాలని అనుకుంటున్నావని, రాణీగంజ్‌లో సామాను ధరలు కనుక్కోమని రాశావు. నిన్న రాణీగంజ్ వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగి ధరలు కనుక్కున్నాను, కానీ ఏదీ కొనలేదు. నీ డబ్బు ఖర్చుపెట్టే ముందు నువ్వు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఫోనులో చెబితే సగం గాలికి పోతాయని ఇలా రాస్తున్నాను.

మొదట ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకో. మోటారు ఆపి, బోటు రేవులో నిలిచి ఉండగా పిడి పట్టుకొని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడు. అప్పుడు కూడా బిగుతుగా ఉంటే లోపం మోటారు తిరిగే ఇరుసు దగ్గర ఉన్నట్టు. అక్కడ ఉప్పు పట్టి, పాత గ్రీజు ఎండి రాయిలా గట్టిపడి ఉంటుంది, లేదా పిడి ఎంత బిగువుగా తిరగాలో సర్దే మర ఎవరో అతిగా బిగించి ఉంటారు. ఆ స్థితిలో ఎంత ఖరీదైన స్టీరింగు వేసినా, ఆ బిగుతు నీ భుజం మీది నుంచి కేబులు మీదికో సిలిండరు మీదికో మారుతుంది తప్ప పోదు, పైగా అవి తొందరగా అరిగిపోతాయి. ఆపి ఉన్నప్పుడు తేలికగా తిరిగి, వేగం అందుకున్నాక మాత్రమే ఒకవైపు లాగుతుంటే అది ప్రొపెల్లరు తిరుగుడు వల్ల వచ్చే లాగుడు. ప్రొపెల్లరుకు పైనున్న పలక అడుగున చిన్న రెక్క ఉందేమో చూడు. బోటు కుడికి లాగుతుంటే ఆ రెక్క వెనుక అంచును కొద్దిగా కుడికి, ఎడమకు లాగుతుంటే ఎడమకు తిప్పి బిగించి, మళ్లీ నడిపి చూడాలి. మోటారు వంపు సరిగా లేకపోయినా ఈ లాగుడు పెరుగుతుంది. ఈ రెండు పనులకూ పైసా ఖర్చు లేదు. అవి చేశాక కూడా చక్రం కావాలనిపిస్తే అప్పుడు ముందుకు వెళ్దాం.

చక్రం వద్దని నేను అనడం లేదు. నువ్వు బోటును కాలువ రేవులో కట్టుకుంటావు కాబట్టి నీకు అది పనికొస్తుంది. ఉప్పాడ ఒడ్డున అలల మీదుగా ఇసుక మీదికి బోటు ఎక్కించేవాళ్లకైతే పిడినే ఉంచుకొమ్మని చెబుతాను. అక్కడ చివరి క్షణంలో మోటారును పైకి ఎత్తడం, దాన్ని పక్కకు తోయడం ఒకే చేత్తో జరగాలి, చక్రం దగ్గర నిలబడిన మనిషికి అది సాధ్యం కాదు. నీ విషయంలో చూడవలసింది వల లాగే చోటు. చక్రం పెట్టాలంటే బోటులో ఒక స్టాండు నిలబెట్టాలి, అక్కడి నుంచి అమరం, అంటే బోటు వెనుక భాగం, దాకా కేబులు పోవాలి. వల ఏ పక్క నుంచి లాగుతారో ఆ పక్క కేబులు పోకూడదు, స్టాండు మూలలకు వల తగులుకోకూడదు. ఇద్దరు కళాసీలు వల లాగుతున్నట్టు నిలబడి చూపించమని, అప్పుడు సుద్దతో నేల మీద స్టాండు గీత గీయి. ఇంట్లో కాగితం మీద గీసిన కొలత సముద్రంలో పనికిరాదు.

ఇంకొక విషయం ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీని గురించే. పిడిని కుడికి తోస్తే బోటు ఎడమకు తిరుగుతుంది. చక్రాన్ని కుడికి తిప్పితే బోటు కుడికి తిరుగుతుంది. పదేళ్లు పిడి పట్టిన చెయ్యి, ఎదురుగా మరో బోటు వచ్చినప్పుడు ఆలోచించకుండా పాత అలవాటునే చేస్తుంది. అలాగే పిడి నీ చేతిలో ఉంటే మోటారు ఎటు తిరిగి ఉందో చేతికే తెలుస్తుంది, చక్రం దగ్గర తెలియదు. మోటారు ఒక పక్కకు పూర్తిగా తిరిగి ఉండగా ఒక్కసారిగా వేగం ఇస్తే బోటు గిర్రున తిరిగి, అంచున నిలబడినవాడు నీళ్లలో పడతాడు. ఔట్‌బోర్డు బోటుకు వేరే చుక్కాని ఉండదు, మోటారు తోసే నీళ్లే చుక్కాని. అందుకే అడ్డం వచ్చిందని భయపడి వేగం పూర్తిగా తగ్గిస్తే బోటు తిరగడం కూడా తగ్గిపోతుంది. కాబట్టి మొదటి రెండు వారాలు వల వేయకుండా, కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ చాటున నీళ్లు నిదానంగా ఉండే చోట, నువ్వూ నీ కళాసీలూ ఒకరి తర్వాత ఒకరు చక్రం పట్టి అలవాటు చేసుకోండి.

ఇక హైడ్రాలిక్ సంగతి. అది మంచిది కాదని కాదు. చక్రం తేలికగా తిరుగుతుంది, మోటారు ఎంత లాగినా ఆ లాగుడు నీ చేతికి రాదు, పెద్ద మోటార్లకు అదే సరైనది. కానీ 40 హార్స్‌పవర్ ఒక్క మోటారుకు అది తప్పనిసరి కాదు. హైడ్రాలిక్ అంటే చక్రం వెనుక ఒక పంపు, రెండు గొట్టాలు, మోటారు దగ్గర ఒక సిలిండరు, వాటిని నింపే నూనె. ఎక్కడో ఒక సీలు కారితే నూనె తగ్గి గాలి దూరుతుంది, గాలి దూరితే చక్రం మెత్తగా అయిపోయి, తిప్పినంత మోటారు తిరగదు. ఆ గాలిని సిలిండరు రెండు కొసల నుంచీ ఓపికగా బయటికి తీయాలి. నీకు అందుబాటులో ఆ పని తెలిసిన మేస్త్రీ ఉన్నాడా? కారు దుకాణంలో బ్రేక్ ఆయిల్ పోస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినవద్దు. అది ఈ స్టీరింగు సీళ్లను పాడుచేస్తుంది. రాణీగంజ్‌లో ఒక దుకాణదారు ఒక కంపెనీ పంపు, మరో కంపెనీ సిలిండరు కలిపి తక్కువ ధరకు ఇస్తానన్నాడు. అలా కలిపేటప్పుడు లెక్క చూడాలి: పంపు ఒక చుట్టుకు 28 ఘన సెంటీమీటర్ల నూనె తోసి, సిలిండరు ఈ కొస నుంచి ఆ కొసకు 140 ఘన సెంటీమీటర్లు అడిగితే చక్రం 5 చుట్లు తిరగాలి. సిలిండరు అంతకు రెట్టింపు పెద్దదైతే 10 చుట్లు. అడ్డం తప్పించుకోవలసిన సమయంలో 10 చుట్లు తిప్పే తీరిక ఎవరికీ ఉండదు.

అందువల్ల నా సలహా ఒక్క కేబులు స్టీరింగు, అందులోనూ చెయ్యి వదిలినా మోటారు తనంతట తాను చక్రాన్ని తిప్పలేని రకం. దాని మీద ఎన్ని హార్స్‌పవర్ల వరకు పనికొస్తుందో రాసి ఉంటుంది, అది చూసి కొనాలి. మిగిలిన డబ్బుతో అదే పొడవు కేబులు మరొకటి కొని ఇంట్లో ఉంచుకో. అంతకుముందు నీ మోటారుకు కేబులు కడ్డీ దూరే గొట్టం, మోటారును పక్కకు తిప్పే స్టీరింగు చెయ్యి బిగించే చోటు ఉన్నాయో లేదో చూడు. పిడి రకంగా అమ్మిన కొన్ని మోటార్లకు చక్రం పెట్టాలంటే గేరు, వేగం కూడా దూరం నుంచి మార్చే వేరే కిట్టు కావాలి. అది లేకుండా చక్రం ఒక్కటే పెడితే ఒకడు ముందు, ఒకడు వెనుక నిలబడి బోటు నడపవలసి వస్తుంది.

కేబులు పొడవు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. చక్రం మధ్య నుంచి బోటు పక్క గోడ దాకా, అక్కడి నుంచి గోడ వెంట అమరం మూల దాకా, ఆ మూల నుంచి మోటారు మధ్య దాకా మూడు కొలతలూ అంగుళాల్లో తీసుకొని కలుపు. కడ్డీ మోటారు గొట్టంలోంచి పోయే అమరిక అయితే మామూలుగా 6 అంగుళాలు కలిపి, 90 డిగ్రీలు తిరిగే ప్రతి మలుపుకూ 4 అంగుళాలు తీసేసి, వచ్చిన లెక్కను పై అడుగుకు సరిచేస్తారు. అయినా కేబులు కంపెనీ ఇచ్చిన పట్టికే చివరి మాట. ఏ మలుపూ 8 అంగుళాల వ్యాసార్ధం కంటే ఇరుకుగా ఉండకూడదు. కేబులు పొట్టిదైతే మలుపుల్లో నలిగి బిగుస్తుంది, పొడుగైతే చుట్ట మిగిలి వలలో పడుతుంది. పాత కేబులు తొడుగు మీద అచ్చు వేసిన అంకెలు చూసి, అదే తెచ్చిపెట్టమంటే కుదరదు, నీ బోటుకు ఇంతకుముందు కేబులే లేదు కదా.

లోహం గురించి జాగ్రత్త. ఇక్కడ హుస్సేన్‌సాగర్ బోట్లు చూసుకున్న ఏళ్లలో నాకు శత్రువు ఎండకు గట్టిపడిన గ్రీజు, ప్రొపెల్లరుకు చుట్టుకునే ప్లాస్టిక్, గుర్రపు డెక్క. అక్కడ మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు ఏళ్ల తరబడి నిలిచింది. మీ ఉప్పునీళ్లలో అది సరిపోదు. నువ్వు అడగవలసింది 316 రకం. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు పెట్టే గుంటల తుప్పును తట్టుకునేది దానివల్లే. రాణీగంజ్‌లో అయస్కాంతం అంటించి, పట్టలేదు చూడండి, అసలైన మాల్ అని చూపిస్తారు. మామూలు స్టెయిన్‌లెస్ అయిన 304 రకానికీ 316 రకానికీ అయస్కాంతం దాదాపు ఒకేలా పట్టదు కాబట్టి ఆ పరీక్షతో తేడా తెలియదు. బోల్టు తల మీద అచ్చు, బిల్లు మీద రకం, రెండూ ఉంటేనే తీసుకుంటాను. అల్యూమినియం మోటారులో స్టెయిన్‌లెస్ బోల్టు బిగించేటప్పుడు మధ్య తుప్పును ఆపే పేస్టు పూయడం మరచిపోవద్దు, లేకపోతే రెండో ఏడు ఆ బోల్టు ఊడిరాదు.

కేబులు కొసను మోటారుకు కలిపే చిన్న కడ్డీ, దానికి ఉండే నట్లు, ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే చవకైనవి. నేను విశాఖ రేవులో పని నేర్చుకుంటున్న తొలి ఏళ్లలో ఒక బోటుకు కొత్త కేబులు వేసి, చేతికందిన, లోపల నైలాన్ పట్టు ఉన్న పాత నట్టునే తిరిగి బిగించాను. నైలాన్ పట్టు ఒకసారి విప్పితే సడలిపోతుందని నాకు అప్పుడు తెలుసు, తెలిసీ కొత్త నట్టు కోసం దుకాణం దాకా నడవలేదు. మూడో రోజు తీరానికి దూరంగా ఆ నట్టు జారిపోయి, కడ్డీ ఊడి, మోటారు ఒక పక్కకు వాలి, బోటు ఒకే చోట తిరగడం మొదలుపెట్టింది. బోటు నడిపే సరంగు మోటారు ఆపి, ఇద్దరు కళాసీలు తెడ్లతో మలుపుతూ సాయంత్రానికి ఒడ్డుకు చేరారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒడ్డున ఎదురుచూస్తూ నిలబడిన వాళ్ల ఇంటివాళ్ల ముఖాలు నాకు ఈనాటికీ గుర్తున్నాయి. నువ్వు ప్రతిసారీ కొత్త నట్టే వెయ్యి, మోటారు కంపెనీ ఇచ్చిన బోల్టులే వాడు, వేటకు బయలుదేరే ప్రతి ఉదయం ఆ కడ్డీని చేత్తో పట్టుకొని కదిలించి చూడు.

అమరం పలకను, అంటే మోటారు వేలాడే వెనుక గోడను, చిన్న సుత్తితో తట్టి చూడు. గట్టిగా మోగితే మంచిది. మొద్దుగా వినిపించిన చోట లోపలి ప్లైవుడ్ నీళ్లు తాగి ఉంటుంది. అలాంటి గోడ 40 హార్స్‌పవర్ మోటారును మోస్తూ స్టీరింగు తోపును కూడా భరించలేదు. స్టాండు ముందు పలక పలచటి ఫైబరే అయితే వెనుక నీళ్లకు చెడని ప్లైవుడ్ ముక్క అతికించి చక్రం బిగించాలి. బిగించాక మోటారును రెండు కొసలకూ తిప్పి, ప్రతి కొసలోనూ పూర్తిగా పైకి ఎత్తి, కడ్డీ గానీ కేబులు గానీ ఎక్కడా గోడకు తగలడం లేదని చూడు. చక్రం కుడికి తిప్పితే మోటారు బోటును కుడికే తిప్పేలా ఉందని, రంధ్రాలు వేయకముందే సరిచూడు.

గ్రీజు విషయంలో ఒక్క మాట. ఓడలకు వాడే గ్రీజే వాడు, కేబులు కడ్డీని పూర్తిగా లోపలికి లాగిన తర్వాతే ఎక్కించు. కడ్డీ బయటికి సాగి ఉండగా ఎక్కిస్తే లోపల గ్రీజు నిండిపోయి స్టీరింగు కదలకుండా పట్టేసే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా చక్రం బిగుసుకుంటే మోటారు దగ్గర కడ్డీ విప్పి చక్రం తిప్పు. అప్పటికీ బిగుతుగా ఉంటే కేబులు పోయింది, తేలికగా తిరిగితే మోటారు ఇరుసు చూసుకోవాలి. లోపల తుప్పు పట్టిన కేబులును నూనె పోసి బాగుచేయాలని చూడవద్దు, మార్చాల్సిందే.

మోటారును ఆపే తాడు నడిపేవాడి మణికట్టుకు కట్టి ఉండకుండా రేవు దాటవద్దు. రెండు తెడ్లు, మోటారు స్టీరింగు చేతికి బిగించగలిగే ఒక ఇనుప పిడి ఎప్పుడూ బోటులో ఉండాలి. ఆ పిడిని బాలానగర్‌లో నాకు తెలిసిన మిషను షాపులో చేయిస్తాను, నీ మోటారు స్టీరింగు చెయ్యి వెడల్పు, దానిలోని రంధ్రం కొలత పంపు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కాబట్టి పనంతా ఆ రోజుల్లోనే పెట్టుకుందాం, ఇప్పుడు తొందరపడి బోటును సగం విప్పి కూర్చోవద్దు. ముందు పిడి తిప్పి చూసిన సంగతి, రెక్క సర్దాక వచ్చిన తేడా, కేబులు మూడు కొలతలు, అమరం గోడ మీద మొద్దుగా మోగిన చోట్ల ఫొటోలు పంపు. అవి చేరిన రోజే రాణీగంజ్ వెళ్లి కొంటాను, సామాను నేనే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తీసుకొని వస్తాను, బిగించే రోజు నీ పక్కనే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య
సికింద్రాబాదు