పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేయాలా, బీఎస్‌డీ వేయాలా? ఒక్కొక్కటీ వేసి చూస్తే నష్టమేమన్నా ఉందా?

మీ ప్రశ్న ఇది: ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, పదకొండేమో ఎక్కనంటోంది. విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్, బీఎస్‌డీ రకాలన్నీ వేసి చూసి నచ్చింది ఉంచుకుందామనుకుంటున్నారు.

ముందు జవాబు చెప్పేస్తా. డెబియన్ అనే లినక్స్ వేసుకోండి, ఏ డెస్క్‌టాప్ (తెర మీది మెనూలూ కిటికీలూ) కావాలని అడిగినప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకోండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో లేవొచ్చు. "నష్టమేమన్నా ఉందా" అన్నారు చూడండి, దానికి మాత్రం కాసేపు కూర్చోవాలి.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. విజయవాడలో ఒక ఆడిటరు దగ్గర లెక్కలు చూస్తాను, ఇల్లు తెనాలి. ఆఫీసులో టాలీ, విండోస్. ఈ లినక్స్ పిచ్చి కాలేజీ రోజుల్లో పట్టుకుంది. అప్పట్లో ఉబుంటు అనే లినక్స్ వాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఊరికే పంపేవాళ్లు, 2011లో ఆపేశారు. 2008లో నేను అడిగితే 8.04 సీడీ వచ్చింది. ఆ విదేశీ కవరు చూసి పోస్ట్‌మ్యాన్ "అబ్బాయికి ఫారిన్ ఉద్యోగమా అమ్మా" అని మా అమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకుని మరీ వెళ్లాడు. ఉచిత సాఫ్ట్‌వేర్‌కి నేను పెట్టిన మొదటి ఖర్చు అది. తర్వాత 'లినక్స్ ఫర్ యూ' పత్రికతో వచ్చే డిస్కులు. ఫెడోరా ఒక నెల, మాండ్రివా ఒక నెల, ఓపెన్‌సూసే రెండు వారాలు. కొత్త ఒక వింత, పాత ఒక రోత.

మధ్యలో ఒక మాట. యూట్యూబులో డిస్ట్రో (లినక్స్ రకం) రివ్యూలు చూసి నిర్ణయం తీసుకోకండి. వాళ్లు వర్చువల్ మెషీన్లో, అంటే కంప్యూటర్లో ఉత్తుత్తి కంప్యూటర్లో వేస్తారు, వాల్‌పేపర్ చూపిస్తారు, మెనూ రెండుసార్లు తెరిచి మూస్తారు, "చాలా స్మూత్‌గా ఉంది ఫ్రెండ్స్" అంటారు. ప్రింటర్ తగిలించరు. మూత వేసి తీస్తే మేలుకుంటుందో లేదో చూడరు. తెలుగులో ఒక్క ముక్క టైపు చేయరు. పెళ్లిచూపుల్లో పిల్ల తల వెంట్రుకలు మాత్రమే చూసి వచ్చినట్టు.

సరే, అసలు సంగతి. 2018లో సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ల కాంప్లెక్సులో ఒక పాత థింక్‌ప్యాడ్ ఎక్స్220 కొన్నా. 2011 నాటి మోడలు, చిన్న తెర, మంచి కీబోర్డు. దాన్ని మా నాన్నగారు లాగేసుకున్నారు. ఆయన రిటైరైన తెలుగు పండితులు. ఆటవెలదిలో ఒక శతకం రాస్తున్నారు అప్పటికి. లినక్స్ మింట్ వేసి, లిబ్రే ఆఫీస్ తెరిచి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి ఇచ్చా. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు అనేసరికి ఆయనకి మహా నచ్చింది. "ఎవడో వర్ణక్రమం తెలిసినవాడే చేశాడ్రా దీన్ని" అన్నారు. నెల తిరిగేసరికి కీబోర్డు చూడకుండా కొట్టేవారు. నేను ఇప్పటికీ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు రప్పించుకునే బాపతే.

2019 ధనుర్మాసం. ఆ అక్టోబరులోనే బీఎస్‌డీల్లో ఒకటైన ఓపెన్‌బీఎస్‌డీ 6.6 వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ అప్పటికే ఒకసారి చూశా, ఇది చూడలేదు. థింక్‌ప్యాడ్ల మీద బ్రహ్మాండంగా నడుస్తుందని ఎక్కడ చూసినా అదే మాట. డిస్కు 128 జీబీ. మింట్‌ని కుదించి 40 జీబీ ఖాళీ చేశా. నాన్నగారు పడుకున్నాక రాత్రి పదకొండింటికి పెన్‌డ్రైవ్ పెట్టా.

నీలం తెర మీద తెల్ల అక్షరాలు జారుతూ పోయాయి. తర్వాత ప్రశ్నలు. దీని ఇన్‌స్టాలర్‌లో బొమ్మలూ బటన్లూ ఉండవు. ప్రశ్న అడుగుతుంది, పక్కనే చదరపు బ్రాకెట్లో తనకి తోచిన జవాబు పెడుతుంది, ఒప్పుకుంటే ఎంటర్ కొట్టడమే. కీబోర్డు, ఎంటర్. యంత్రం పేరు, ఎంటర్. ఏ డిస్కు, ఎంటర్. చేతికి ఆ ఊపు వచ్చేసింది. ఆ తర్వాత అడిగింది: మొత్తం డిస్కు వాడనా, లేక నువ్వు దిద్దుతావా? బ్రాకెట్లో ఉన్నది 'హోల్', అంటే మొత్తం. నేను దిద్దడానికి 'ఇ' నొక్కాలి. ఎంటర్ కొట్టా.

ఆ వెంటనే విభాగాల (పార్టిషన్ల) పట్టిక చూపించింది. మన ఫైళ్లుండే హోమ్‌కి 70 జీబీ పైమాటే రాసి ఉంది. నేను ఇచ్చింది 40 అయితే 70 ఎక్కణ్నుంచి వచ్చింది? రోజూ ట్రయల్ బ్యాలెన్సులో రూపాయి తేడా వస్తే రాత్రి రైలు వదులుకుని కూర్చునేవాణ్ని, ఆ అంకె చూసి కూడా "ఏదో వీళ్ల లెక్క" అనుకుని మళ్లీ ఎంటర్ కొట్టా. నిజానికి అక్కడ ఆగినా సరిపోయేది. అప్పటికి చెరిగింది విభాగాల పట్టిక ఒక్కటే, పోయిన విభాగాలు వెతికే టెస్ట్‌డిస్క్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు. ఆగలేదు. పది నిమిషాల్లో "కంగ్రాచ్యులేషన్స్" అంది.

రీబూట్ చేశాక మింట్ కోసం వెతుక్కున్నా. లేదు. అప్పుడు గుర్తొచ్చింది శతకం. 71 పద్యాలు.

బ్యాకప్ లేదా అంటారు. నోటుబుక్కు ఉంది. కానీ నోటుబుక్కులో ఉన్నది తొలి రాత. టైపు చేస్తూ చేస్తూ ఆయన దిద్దుకున్నవన్నీ ఫైల్లోనే ఉన్నాయి. ఒక్కో పద్యం మూడో పాదం నాలుగైదు రకాలుగా మార్చి చూసుకునేవారు.

తెల్లారి కాఫీ టైములో చెప్పా. ఆయన గ్లాసు కింద పెట్టి, "యతి తప్పితే సర్దుకుంటాం రా. మతి తప్పితే ఏం చేస్తాం?" అని లేచి పూలు కోసుకోవడానికి వెళ్లారు. మూడు రోజులు నాతో ఆ ఒక్క మాటే. అమ్మ మాత్రం "ఏదో నీలం రంగు వేశావటగా, పోనీలే" అంది. ఆవిడకి ఎలా అర్థమైందో మరి.

ఆఫీసు నుంచి పాత హార్డ్‌డిస్క్ ఒకటి అడిగి తెచ్చి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, చెరిగిన ఫైళ్లు వెతికే ఫోటోరెక్ నడిపించా. రాత్రంతా నడిచింది. ఇక్కడొక అదృష్టం ఉంది. ఎస్‌ఎస్‌డీలో ఖాళీ అయిన చోటు వెంటనే తుడిచెయ్యమని చెప్పే ట్రిమ్ ఓపెన్‌బీఎస్‌డీలో లేదు. అందుకని కొత్తగా రాసిన చోటు పోగా మిగతా పాత సరుకు అక్కడే పడి ఉంది. అదే పని చేసి ట్రిమ్ కూడా నడిపే సిస్టమ్ అయ్యుంటే మిగిలేది బూడిద. పొద్దునకి కొన్ని వేల ఫైళ్లు, పేర్లన్నీ 'ఎఫ్' పక్కన అంకెలు. బ్రౌజర్ బొమ్మలు, ఐకాన్లు, మా చెల్లెలి పెళ్లి శుభలేఖ నమూనాలు. డాక్యుమెంట్లు వేరు చేసి ఒక్కోటీ తెరుస్తూ పోతే ఆదివారం మధ్యాహ్నం దొరికింది శతకం. దీపావళి నాటి ప్రతి, 52 పద్యాలు. మిగతా పందొమ్మిదీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఆయన మళ్లీ కట్టుకున్నారు. రెండు పద్యాలు ముందుకంటే బాగా వచ్చాయని ఆయనే ఒప్పుకున్నారు గానీ, ఆ మాట ఇక్కడ నేను వాడుకోకూడదు.

కాబట్టి వేసి చూడండి, కానీ వేరే డిస్కు మీద. పాత డిస్కు ఊడదీసి పక్కన పెట్టండి. విభాగాలు కుదించి పక్కపక్కన వేసుకోండని చెప్పేవాళ్లు ఇల్లు కాలినవాళ్లు కారు.

ఇక బీఎస్‌డీ డెస్క్‌టాప్‌గా పనికొస్తుందా అంటే, నాకు వచ్చింది, మా ఇంటికి రాలేదు. మొదటి గండం వైఫై. నా ఇంటెల్ కార్డుకి ఫర్మ్‌వేర్ (ఆ కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాము) కావాలి, లైసెన్సు గొడవల వల్ల అది ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్‌లో ఉండదు, నెట్ నుంచి దించుకోవాలి. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే అదొక నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, ఆ దారిన దించుకోవచ్చు. ఇది తెలియక చాలామంది మొదటి రాత్రే వదిలేస్తారు. బ్లూటూత్ 2014లోనే తీసేశారు, హెడ్‌సెట్ ఆశ పెట్టుకోకండి. అమ్మ చూసే ఓటీటీ సీరియల్ రాదు, ఆ వీడియోలకి వేసిన కాపీ తాళం తీసే చెవి ఓపెన్‌బీఎస్‌డీకి ఇవ్వరు. యూట్యూబ్ మాత్రం సుఖంగా వస్తుంది.

అయినా దాని మీద నాకు కోపం లేదు. మూత వేస్తే నిద్రపోయింది, తీస్తే లేచింది, ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. మాన్యువల్ పేజీలు చదివితే పని జరుగుతుంది. లినక్స్‌లో ఏదన్నా పాడైతే ఎప్పుడో 2012లో ఎవరో ఎవరికో ఇచ్చిన సలహా వెతుక్కుంటూ తిరుగుతాం, అది ఇప్పుడు చెల్లదు. ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్ కూడా అంతే, కూర్చుని చదవాల్సిన పుస్తకం. అన్నీ చేత్తో పెట్టుకునే ఓపిక లేకపోతే ఘోస్ట్‌బీఎస్‌డీ ఉంది, 'మాటే' (MATE) అనే డెస్క్‌టాప్‌తో సిద్ధంగా వస్తుంది, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. ఇలాంటిదే పీసీ-బీఎస్‌డీ అని ఉండేది, 2016లో ట్రూఓఎస్‌గా పేరు మార్చుకుని 2020లో మూతపడింది. పాపం ఆ దారిలో నిలబడ్డవాళ్లు తక్కువ.

తెలుగు విషయం ఒకటి చెప్పాలి, దీన్ని ఎవరూ రాయరు. ఓపెన్‌బీఎస్‌డీలో నాన్నగారి ఫైలు తెరిస్తే పద్యం బదులు పెట్టెలు వచ్చాయి, తెలుగు ఫాంటు లేక. నోటో ఫాంట్ల ప్యాకేజీ వేస్తే కుదిరింది. డెబియన్‌లో అయితే 'ఫాంట్స్-తెలు' అనే ఒక్క ప్యాకేజీ వేస్తే లోహిత్, పోతన, వేమన అన్నీ దిగుతాయి. టైపింగ్‌కి ఐబస్ లాంటి విడి ప్రోగ్రాములు అక్కర్లేదు. తెరనీ కీబోర్డునీ నడిపే ఎక్స్ సర్వర్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ ఉంది, 'సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్' ఆదేశానికి లేఅవుట్ 'ఇన్', వేరియంట్ 'టెల్' అని ఇస్తే చాలు, లినక్స్‌లో అయినా బీఎస్‌డీలో అయినా అదే మాట. టెర్మినల్ సంగతి మాత్రం అడగకండి. ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్లో 'క్ష' అని చూద్దామంటే క ఒక చోట, ష ఒక చోట, మధ్యలో పొల్లు. అన్ని భాషల అక్షరాలకీ ఒకే సంకేతాల పట్టిక యూనికోడ్, అందులోకి తెలుగు 1991లోనే వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా టెర్మినల్లో ఒత్తు కింద కూర్చోదు. నా దృష్టిలో 'శ్రీ' సరిగా చూపించలేనిది డెస్క్‌టాపే కాదు, దాని కర్నల్ ఎంత గొప్పదైనా.

మా యంత్రంలో ఇప్పుడు పెద్ద డిస్కు మీద డెబియన్, అది నాన్నగారిది. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే కలిపేశారు కాబట్టి వైఫై బాధ లేదు. ఎక్స్220లో ఎంసాటా కార్డుకి (చిన్న ఎస్‌ఎస్‌డీకి) చిన్న చోటు ఉంటుంది, అందులో నా ఓపెన్‌బీఎస్‌డీ. ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కి ఎంచుకోవడమే. మీ ల్యాప్‌టాప్ ప్రాసెసరు 32 బిట్లదైతే మాత్రం ఆగండి, డెబియన్ 13కి ఆ ఇన్‌స్టాలర్ తీసేశారు. ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ ఇంకా ఇస్తున్నాయి.

శతకం పోయినేడు పూర్తయింది, 108. అచ్చుకి ఇద్దామని ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఒక డీటీపీ షాపుకి వెళ్లాం. అతను తెరిచి చూసి, "యూనికోడా సార్? మా దగ్గర నడవదు, మా ఫాంటులో మళ్లీ కొట్టాలి" అన్నాడు. పీడీఎఫ్ ఇస్తామన్నా. అందులో తప్పులుంటే దిద్దలేమన్నాడు. తప్పుల్లేవయ్యా అంటే, ఉంటాయి సార్, ఎప్పుడూ ఉంటాయి అన్నాడు. పేజీకి ఇంత అని మాట్లాడుకుని, లిబ్రే ఆఫీస్‌లో ఉన్నది ప్రింటు తీసి ఇచ్చి వచ్చాం, దాన్ని చూసి అతను మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తున్నాడు. మొదటి ప్రూఫులో 'జ్ఞానము' ఉన్న చోటల్లా 'గ్నానము' వచ్చింది. నాన్నగారు ఎర్ర సిరా కలం కొనుక్కున్నారు. రెండో ప్రూఫు శుక్రవారం ఇస్తానన్నాడు.