పాఠకుల ప్రశ్నలు: షుగరు తగ్గాక మొదలైన మంటలు, నొప్పి లేని వాపు

ప్రశ్న: నా వయసు 56. పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నాను. మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 12.6 వచ్చిందని దసరా తరువాత ఇన్సులిన్ మొదలుపెట్టారు. నేను కూడా అన్నం తగ్గించి చోడి అంబలికి అలవాటు పడ్డాను. మూడు నెలలు తిరిగేసరికి 7.4కు దిగింది. ఆ సంతోషం నిలవలేదు. రాత్రి పడుకోగానే అరికాళ్లలో కారం రాసినట్టు మంట, చీమలు పాకినట్టు, ఉండుండి కరెంటు కొట్టినట్టు పోటు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను. ఇన్సులిన్ వేడి చేసిందని, మానేయమని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే కాస్త హాయిగా ఉంటోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, ఇన్సులిన్ మానవద్దు. అయితే దానికీ ఈ మంటకూ మధ్య సమయం కలిసిందన్న మీ ఇరుగుపొరుగు వారి గమనిక కొట్టిపారేయవలసినది కాదు. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగరు కొద్దికాలంలోనే బాగా దిగినప్పుడు, ముఖ్యంగా హెచ్‌బీఏ1సీ మూడు నెలల్లో రెండు పాయింట్లకు మించి పడిపోయినప్పుడు, కొందరిలో సన్నని నరాల పోగులు దెబ్బతిని ఇటువంటి తీవ్రమైన మంట పుడుతుంది. 1933లో ఇన్సులిన్ వాడిన రోగిలో దీన్ని వర్ణించినందువల్ల ఇన్సులిన్ న్యూరైటిస్ అనే పేరు స్థిరపడింది గాని, మాత్రలతోనో ఆహారం బాగా తగ్గించడంతోనో షుగరు వేగంగా దిగినవారిలో కూడా ఇదే కనబడుతుంది కనుక, తప్పు మందుది కాదు, దిగిన వేగానిది. చాలామందిలో ఇది నెలల మీద, కొందరిలో ఏడాది దాటాక, నెమ్మదిస్తుంది. ఇప్పుడు ఇన్సులిన్ మానేస్తే షుగరు మళ్లీ ఎగబాకి ఉన్న నరాలు కూడా పాడవుతాయి. ఇంత వేగంగా దిగినవారిలో కంటి రెటీనా కూడా దెబ్బతినవచ్చు. అందుచేత ఈ నెలలోనే కళ్లు చూపించుకోండి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే ఆ సంగతి మీ వైద్యుడికి తప్పక చెప్పండి.

అంతటితో నిర్ధారణ అయిపోయినట్టు కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారిలో బీ12 విటమిన్ తగ్గి ఇవే తిమ్మిర్లు వస్తాయి కనుక రక్తపరీక్ష చేయించాలి. తక్కువ ఉంటే బీ12 సూదులు పనిచేస్తాయి, సరిపడా ఉన్నప్పుడు మాత్రం నరాల బలానికని వారం వారం పొడిపించుకునే సూదులకు డబ్బు దండగ. థైరాయిడ్ కూడా చూడాలి. మన ఒడిశా జిల్లాల్లో కుష్ఠు ఇంకా కనబడుతూనే ఉంది కాబట్టి ఒంటి మీద స్పర్శ తెలియని, పాలిపోయిన మచ్చ ఏదైనా ఉందేమో ఇంట్లో వారిచేత వెతికించుకోండి. షుగరు వల్ల వచ్చే మంట సాధారణంగా రెండు పాదాల్లోనూ వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. నడిచినప్పుడు పిక్క పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి దీనికి భిన్నం; అది రక్తం చాలక వచ్చేది, చుట్ట, బీడీ కాల్చేవారిలో మరీ ఎక్కువ.

మంట తగ్గించడానికి అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ అనే మందులు ఉన్నాయి. ఇవి నరాన్ని బాగుచేయవు, నొప్పిని తగ్గిస్తాయి. సగానికి తగ్గినా మందు పనిచేసినట్టే లెక్క. మత్తు, కాళ్ల వాపు వంటి ఇబ్బందులు ఉండవచ్చు. గుండె జబ్బు ఉన్నవారికి అమిట్రిప్టిలిన్ అంత మంచిది కాదు. మామూలు నొప్పి మాత్రలు ఈ మంటకు దాదాపు పనిచేయవు, పైగా మూత్రపిండాలకు చేటు.

వేడినీళ్ల విషయంలో మీతో ఏకీభవించలేను. మండుతున్న పాదానికి వేడి సరిగా తెలుస్తోందని అనుకోవద్దు. మంట, మొద్దుబారడం ఒకే పాదంలో ఉండగలవు. హాయిగా ఉందనుకుంటూనే బొబ్బలెక్కించుకుని వచ్చేవారు ఉన్నారు. మీకు స్పర్శ ఎంత మిగిలిందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకుని ఉండగా మరొకరు రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు, నొక్కకుండా తాకాలి. ఆరింటిలో రెండు గాని అంతకు మించి గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

ప్రశ్న: మా వారికి 61 ఏళ్లు, షుగరు 20 ఏళ్లుగా ఉంది. శివరాత్రికి చెప్పులు లేకుండా మహేంద్రగిరి ఎక్కి వచ్చారు. వారానికి కుడి పాదం వాచి, ఎర్రబడి, వెచ్చగా అయింది. పుండు లేదు, జ్వరం లేదు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. నొప్పి లేదు కదా అని రోజూ దుకాణానికి నడిచే వెళ్తున్నారు.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆయన ఈరోజే నడక మానాలి. నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు లోలోపల చితికిపోయే షార్కో పాదం అనే స్థితి ఇలాగే మొదలవుతుంది. తొలి వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే కనబడవచ్చు, ఎంఆర్ఐలో బయటపడుతుంది. రక్తనాళంలో గడ్డకట్టడం, గౌట్ (యూరిక్ ఆమ్లం చేరి వచ్చే కీళ్లవాపు), లోపలి చీము కావని కూడా తేల్చుకోవాలి. కుడికాలు నేల మోపకుండా, బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గానీ శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి గానీ తీసుకెళ్లి ఎముకల విభాగంలో చూపించండి.

షార్కో అని తేలితే ప్రధాన చికిత్స మోకాలి కింది నుంచి పాదానికి అంటుకునేలా వేసే గట్టి పిండికట్టు. రెండు పాదాల వెచ్చదనం సమానమయ్యేదాకా, అంటే నెలల తరబడి, ఉంచాలి. వెల్లూరులో కుష్ఠు రోగుల అరికాలి పుండ్లకు పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వాడిన ఇటువంటి కట్టే తరువాత మధుమేహ రోగుల పాదాలకు కూడా వచ్చింది. కట్టు తీశాక ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు అట్టతో, మడమ వెనుక పట్టీతో చేసిన చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. బొటనవేలి ఉంగరం ఉన్నవి వద్దు. ఇన్నాళ్లూ ఎడమ పాదం మీద బరువు ఎక్కువ పడుతుంది కనుక దాన్ని కూడా రోజూ తడిమి, వెచ్చబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.