‘రాకా రోలా’ ఎందుకంత చప్పగా ఉంది?

ప్రశ్న: బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ జుడాస్ ప్రీస్ట్ అంటే నాకు ప్రాణమండీ, కానీ మొదటి ఆల్బమ్ ‘రాకా రోలా’ వింటే అసలు వీళ్ళేనా అనిపించింది. ఎందుకలా?

జవాబు: తప్పంతా వాళ్ళది కాదండీ. 1974లో గల్ అనే చిన్న కంపెనీకి చేశారు, ప్రొడ్యూసర్ రోజర్ బెయిన్ మాటే చెల్లింది, స్టేజి మీద అదరగొడుతున్న ‘టైరెంట్’, ‘జెనోసైడ్’, ‘ది రిప్పర్’ పాటలు కమర్షియల్‌గా లేవని పక్కన పెట్టేశాడు, పది నిమిషాల ‘కేవియార్ అండ్ మెత్స్’ని రెండు నిమిషాల మ్యూజిక్ బిట్‌గా కోసేశాడు. అది విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, ఊపందుకుంటోంది అనుకునేలోపే అయిపోతుంది. పైగా స్టూడియోలో తేడా వచ్చి రికార్డింగ్‌లో బుస్సుమని చప్పుడు. పక్కన పెట్టిన ఆ మూడు పాటలూ 1976లో వాళ్ళ రెండో ఆల్బమ్ ‘సాడ్ వింగ్స్ ఆఫ్ డెస్టినీ’లో వచ్చాయి, ముందు అది వినండి, తర్వాత 2024లో ప్రొడ్యూసర్ టామ్ ఆలమ్ కొత్తగా మిక్స్ చేసిన ‘రాకా రోలా’ పెట్టుకోండి.